పచ్చరంగు కింద ముప్పై ఏడు ఇళ్ళు

"నీదా, కాదా? గంతసేపు చూసుడేంది కిషన్? అవ్ అను, లేకుంటె కాదను."

రామ్‌సింగ్ అడుగుతుంటే తమ్ముడు కిషన్‌లాల్ మంచం మీద పరిచిన మ్యాపు నకలు మీదికి వంగి, కుడివైపు మూలనున్న సంతకాన్నే చూస్తున్నాడు. సంతకం తనదే. చివరి అక్షరం తోకని కిందికి లాగి అడ్డంగా గీత కొట్టడం ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉన్న షోకు. ఇప్పుడా షోకు పోయింది. గీత మాత్రం అలాగే ఉంది.

రాత్రి హైదరాబాదులో బస్సెక్కి, భార్య రుక్మిణితో పొద్దున్నే తండాలో దిగాడు. సంచులు ఇంకా గడప దగ్గరే ఉన్నాయి. వదిన ఇచ్చిన చాయ్ మీద మీగడ కట్టింది. యూనివర్సిటీలో నగర ప్రణాళిక, భూమి చట్టాలు, రవాణా పాఠాలు చెప్పే తమ్ముడొచ్చి విచారణలో నాలుగు మాటలు మాట్లాడితే చాలు, తండా నిలబడుతుందని అన్న రామ్‌సింగ్ నెల రోజులుగా కనబడ్డవాళ్ళందరికీ చెబుతున్నాడు. తమ్ముడు రానే వచ్చాడు. ఆ నాలుగు మాటల్లో ఒక్కటీ బయటికి రావడం లేదు.

"నిన్న భద్రాచలంల ఫారెస్టు తరఫు వకీలు గీ కాగితం తీసి విచారణ చేసే సారు ముంగట పెట్టిండు," అన్నాడు రామ్‌సింగ్. "డెబ్బై తొమ్మిది ఫిబ్రవరిల యూనివర్సిటోళ్ళు వచ్చి, తిరిగి, చూసి గీసిన మ్యాపట. వాగు అవతల మొత్తం అడవేనట. ఇండ్లు లేవని ఇంగ్లీషుల రాసి ఉన్నదట. సంతకం ఎవరిదని సారు అడిగిండు. కిషన్‌లాల్ అని చదివిండు వకీలు. నా చెవులల్ల సీసం పోసినట్టయింది."

"గా పేరున్నోళ్ళు శానమంది ఉంటరు," అంది వదిన గుమ్మంలోంచి. "మార్వాడోళ్ళల్ల గూడ ఉంటది గా పేరు."

ఆ మాటకి రుక్మిణి భర్త వైపు చూసింది. యూనివర్సిటీలో పదహారేళ్ళుగా అందరూ ఆయన్ని మార్వాడీ అనే అనుకుంటున్నారు. కాదని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆమెని చెప్పనివ్వలేదు కూడా.

"నాదే," అన్నాడు కిషన్‌లాల్.

వదిన చేతిలో చేట పక్కకి ఒరిగి బియ్యం జారుతుంటే ఆమె చూసుకోలేదు. వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తున్న, కొడుకులు యాడీ అని పిలిచే తల్లి రూప్లి మాత్రం తలెత్తలేదు. చెయ్యి ఆగింది, మళ్ళీ కదిలింది.

"నీదేనా?" అన్నాడు రామ్‌సింగ్. "నువ్వొచ్చినవా ఈడికి? డెబ్బై తొమ్మిదిల?"

"మణుగూరు బడిల మకాం పెట్టినం. ముప్పై మంది పిల్లల్ని తెచ్చిన. బొగ్గు లారీలు రోజుకెన్ని పోతున్నయో లెక్కపెట్టుడు, రోడ్డు ఏ దిక్కు తీస్తె మంచిదో చూసుడు, ఏ భూమిల ఏముందో రంగులేసుడు. పది రోజులున్నం."

"మణుగూరు మనకెంత దూరం?"

దూరాలు కొలవడమే వృత్తిగా ఉన్న మనిషికి అది తెలియని లెక్కేమీ కాదు.

"పది రోజులు," అన్నాడు రామ్‌సింగ్. "అంత దగ్గర పది రోజులుండి, ఇంటికి రాక, మా ఇండ్లు లేవని సంతకం పెట్టి పోయినవ్."

ఈ తండాకి ఇప్పుడు కావలసింది ఒక్క రుజువు. ఎనభై అక్టోబరుకి ముందు నుంచి ఇక్కడ కాపురం ఉన్నట్టు చూపిస్తే అడవి భూమి మీద హక్కు వస్తుంది. లేకపోతే ఇళ్ళూ చేలూ ఖాళీ చెయ్యాలి. పాత రేషను కార్డులు ఉన్నాయి గానీ వాటి మీద లచ్చిరాం తండా అని ఉంది. తండాకి నాయకుడి పేరే పేరు. తాత లచ్చిరాం పోయి తండ్రి దేవ్లా నాయకుడయ్యాక ఊరి పేరూ మారింది. ఆ ఊరు వేరు, ఈ ఊరు వేరు అని వకీలు వాదించాడు. ఇక మిగిలింది మ్యాపే. తేదీ ఉన్న సాక్ష్యం అదొక్కటే. అది కూడా వీళ్ళకి ఎదురు తిరిగింది.

ఆ అక్టోబరు తేదీని కిషన్‌లాల్ ఏటా బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు గీసి మరీ పాఠం చెబుతాడు.

"ఎందుకు చేసిన్రు?" అని అడిగింది రుక్మిణి. పెళ్ళయిన పదమూడేళ్ళలో ఈ సంగతి ఆమె ఇవాళే వినడం. "నాకన్న చెప్పలే. డెబ్బై తొమ్మిదిల వీళ్ళు కబురు మీద కబురు పెడితె సెలవు దొరకలేదన్నరు. నేను నమ్మిన."

"సిగ్గయింది," అన్నాడు కిషన్‌లాల్.

మ్యాపు అంచు సరిచేస్తూ మళ్ళీ తనే అన్నాడు. "అందరు పెద్దింటి పిల్లలు. లంబాడోళ్ళ బట్టలు, గాజులు చూసి సంతల నవ్విన్రు. నేను గూడ నవ్విన వాళ్ళతోని. ఇగ ఈ వాగు దాటి యాడి దగ్గరికి ఎట్ల తీసుకొస్త? మోచేతుల దాక గాజులేసుకొని నా కొడుకొచ్చిండని ఉరికొస్తె? అటేం లేదు, అడవే అని చెప్పిన. గంతే."

వాకిట్లో రూప్లి గాజుల చప్పుడు ఆగిపోయింది.

తమ్ముడి చొక్కా పట్టుకోవడానికి రామ్‌సింగ్ చెయ్యి లేచింది. సగంలోనే దించేశాడు. ఈ తమ్ముడి ఫీజుల కోసం ఆయన తన ఎడ్ల జత అమ్మి, రెండేళ్ళు పరాయి ఎడ్లతో దున్నుకున్నాడు. ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు, ఇప్పుడూ ఎత్తలేదు.

"పదకొండింటికి విచారణ," అన్నాడు చివరికి. "ఇయ్యాలే ఆఖరు. ముసలోళ్ళ వాంగ్మూలం వింటా, మీ యాడిని తీసుకొని రా అన్నడు సారు. తొమ్మిదిన్నరకు బస్సు. జల్దీ ఏం చేస్తవో చెయ్యి."

కిషన్‌లాల్ చప్పున కుదుటపడ్డాడు. పని చెబితే కుదుటపడే మనిషి.

"ఒక దరఖాస్తు రాద్దాం. మ్యాపుల తప్పు దొర్లిందని నేనే రాసిస్త. రుక్మిణీ, నీ రాత బాగుంటది, రాయి."

రుక్మిణి స్కూలు టీచరు. ముత్యాల్లాంటి రాత. కాగితాలు తీసుకుని మంచం పట్టె మీద కూర్చుంది. ఆయన చెప్పుకుంటూ పోయాడు, ఆమె రాసుకుంటూ పోయింది.

"సదరు మ్యాపును గీసిన విద్యార్థి ఇద్రీస్ నిర్లక్ష్యం వల్ల, వాగు అవతలి భాగాన్ని సరిగా పరిశీలించనందువల్ల..."

కలం ఆగింది.

"ఇద్రీస్ ఎవరు?"

"మ్యాపు గీసినోడు. ఖమ్మం పిల్లగాడు. ఇప్పుడు ఆడనే టౌన్ ప్లానింగ్ల ఆఫీసరు."

"తప్పు అతనిదా?"

"రుక్మిణీ, పిల్లగాని తప్పంటె ఎవరూ పట్టించుకోరు. చదువుకునేటప్పటి తప్పుకు ఇప్పుడు ఉద్యోగం తియ్యరు. నాదంటె వేరే. గా అధ్యయనం నా పేరు మీద అచ్చయింది. దాని మీదనే రీడర్నైన. వచ్చే నెల ప్రొఫెసర్ ఇంటర్వ్యూ ఉన్నది. తెలిసి అబద్ధం గీసిన అంటె అదే ఆఖరు. ఉన్న కొలువు గూడ ఉండదు."

"అంటె తండా నిలబడాలె, మీ కుర్చీ నిలబడాలె. ఆ పిల్లగాడు ఏమైతె మనకేంది, అంతేనా?"

"తండా కోసమే గద చేస్తున్న!"

"నేను రాయను."

చదువుకున్నవాళ్ళతో ఇదే చిక్కు, అబద్ధాన్ని కూడా సదరు, నిర్లక్ష్యం అంటూ ముస్తాబు చేస్తే తప్ప తృప్తి ఉండదు. రుక్మిణి కాగితాన్ని మంచం మీద, మ్యాపు పక్కన పడేసి లేచింది. కిషన్‌లాల్ కలం అందుకుని తనే మిగతాది రాయబోయాడు. మొదటి అక్షరమే కొట్టివెయ్యాల్సి వచ్చింది.

అప్పుడే వాగు వైపు నుంచి మోటారుసైకిల్ చప్పుడు వినిపించింది.

"వచ్చిండు," అన్నాడు రామ్‌సింగ్.

"ఎవరు?"

"నువ్వు ఇప్పుడు ఎవరి పేరు రాయిస్తున్నవో వాడే. నిన్న నకలు మీద గీసినోని పేరు సదివిచ్చుకున్న. ఖమ్మంల అద్దాలు, పూసలు అమ్మే సిరాజుద్దీన్ సాబు కొడుకని తెలిసింది. మన ఆడోళ్ళ బట్టలకు అద్దాలన్నీ ఆ దుకాణంలయే. బూతు నుంచి ఫోన్ చేసిన. నీకు చెప్దామంటె నువ్వు నోరు తెరవకపోతివి."

మోటారుసైకిల్ దిగిన ఇద్రీస్‌కి ముప్పై మూడేళ్ళుంటాయి. నూటపాతిక కిలోమీటర్ల దుమ్ము మొహం మీదుంది. గుమ్మంలో కిషన్‌లాల్‌ని చూసి ఆ మొహం వెలిగిపోయింది.

"సార్! మీరు గూడ వచ్చిన్రా? ఈ తండా కోసం హైదరాబాద్ నుంచి వచ్చిన్రా?" అని వంగి కాళ్ళకి దండం పెట్టాడు. "ఇగ నాకు ధైర్యమొచ్చింది సార్. ఒక్కణ్ణే ఎట్ల చెప్పాల్నా అని తెల్లారుజాము నుంచి భయపడుకుంట వచ్చిన."

కిషన్‌లాల్ వెనక్కి జరిగాడు. ఆశీర్వదించడానికి చెయ్యి లేవలేదు.

ఇద్రీస్ సంచిలోంచి అట్ట చిరిగిన నోటుబుక్కు తీశాడు. "ఫీల్డుబుక్కు సార్. మా అమ్మీ పారెయ్యలే. నా చదువు కాగితాలన్నీ ట్రంకుపెట్టెల దాచింది. చూడండి."

పేజీ తెరిచాడు. పెన్సిలుతో వాగు, దానికి అవతల వరసలు వరసలుగా చిన్న చిన్న గళ్ళు. ప్రతి గడిలోనూ పసుపు రంగు. ఇల్లుంటే పసుపు, అడవైతే పచ్చ. అది కిషన్‌లాల్ చెప్పే మొదటి వారం పాఠం. పేజీ పైన తేదీ ఉంది, 1979 ఫిబ్రవరి 16. కింద 'దేవ్లా తండా, 37 ఇళ్ళు' అని ఉంది.

ఆ గళ్ళన్నిటి మీదుగా మూల నుంచి మూలకి ఒక ఎర్ర పెన్సిలు గీత. గీత పక్కన 'అవసరం లేదు' అన్న మాట, తోక లాగి గీత కొట్టిన పొట్టి సంతకం.

రామ్‌సింగ్ ఆ పేజీని రెండు చేతులా పట్టుకున్నాడు. "ఇగో మన ఇల్లు," అన్నాడు ఒక గడి మీద వేలు పెట్టి. "మనం ఉన్నం. మనం ఈడ ఉన్నమని రాసి ఉన్నది." ఆయన నవ్వబోయాడు, ఏడుపొచ్చింది.

"ఎట్ల గీసినవ్?" అన్నాడు కిషన్‌లాల్. "అటు పోవద్దని చెప్పిన గద."

"నీళ్ళ కోసం పోయిన సార్. అవతల పొగ కనబడ్డది. వాగు ఒడ్డున చింతచెట్టు చాటుకు ఒక పెద్దమనిషి నిలబడి మన బస్సు దిక్కే చూస్తున్నడు. ఇండ్లున్నయా తాతా అంటె, రా చూపిస్త అన్నడు. ఇంటింటికి తిప్పిండు. నా పక్కన నడుచుకుంట లెక్క ఒప్పజెప్పిండు. జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు పెట్టిండు. మంచి మనిషి సార్."

వాకిట్లోంచి రూప్లి లేచి వచ్చింది. వేళ్ళకి ఇప్పపూల జిగురు అలాగే ఉంది. "తలపాగా ఏం రంగుది బిడ్డా?"

"ఎర్రది అమ్మా. ఇంత పెద్దది." ఇద్రీస్ చేతులతో చూపించాడు. "ఒక మాట మాత్రం నేను మరువలే. ఈ బుక్కులనే ఇండ్ల లెక్క రాసి, వేలిముద్ర వేయించుకొని వస్తుంటె ఆగమన్నడు. మీ సారు అన్నం తిన్నడా అని అడిగిండు. మా సార్ నీకు తెలుసా తాతా అన్న. తెల్వదు అన్నడు. ఎవరి బిడ్డో, మస్తు బక్కగున్నడు, జర తినమని చెప్పు అన్నడు."

రూప్లి రామ్‌సింగ్ చేతిలోంచి ఫీల్డుబుక్కు తీసుకుంది.

"మీకు చెప్దామనే వచ్చిన సార్. అప్పటికే మీరు కోపం మీదున్నరు. మన హద్దు వాగు దాకనే అని కొట్టేసిన్రు. ఖాళీ ఉంచకు, పచ్చరంగు వెయ్యి అన్నరు. వేసిన. అయినా ఆ తర్వాత సంవత్సరం నుంచి మీరు మొదటి క్లాసులనే చెప్తున్నరట గద, మ్యాపుల ఖాళీ కనబడ్డ చోటికే ముందు పోవాలని. మా జూనియర్లంత అదే చెప్తరు. సార్ గూడ ఈ తండాను మరిచిపోలే అనుకున్న." తర్వాత సంకోచంగా అన్నాడు. "ఈ ఎర్రగీత ఒక్కటే ఇబ్బంది. ఎవరు కొట్టేసిన్రు, ఎందుకు కొట్టేసిన్రు అని అడుగుతరు. మీరే ఉన్నరు గద, మీరు చెప్తె అయిపాయె."

"ఆ పెద్దమనిషి మా బాపు," అన్నాడు రామ్‌సింగ్.

"మీ నాయనా? ఇప్పుడు..."

"పోయి ఏడేండ్లయింది. మా బాపు అంటె నా ఒక్కనికే గాదు. మా ఇద్దరికి." వేలెత్తి తమ్ముణ్ణి చూపించాడు. "నీకు సదువు చెప్పిన సారు ఈ ఇంట్లనే పుట్టిండు."

ఇద్రీస్ మొదట అర్థం కానట్టు నవ్వాడు. ఆ నవ్వుతోనే కిషన్‌లాల్‌ని చూశాడు, గోడకున్న ఎర్రతలపాగా ముసలాయన ఫోటోని చూశాడు, మళ్ళీ కిషన్‌లాల్‌ని చూశాడు. నవ్వు ఎప్పుడు పోయిందో తెలియదు. కూర్చోవడానికి చేత్తో మంచం వెతుక్కున్నాడు. అరచేతి కింద కాగితం నలిగింది. తీసి చూస్తే అందులో తన పేరుంది.

రుక్మిణి లాక్కోబోయింది గానీ అప్పటికే ఆలస్యమైంది. ఇద్రీస్ చదివాడు. నిర్లక్ష్యం అన్న మాట దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. కాగితాన్ని మడిచి ఆమె చేతికిచ్చాడు.

"రాత బాగున్నది మేడం," అన్నాడు.

కిషన్‌లాల్ గోడ మీది ఫోటో వైపు తిరిగాడు. తండ్రి చూశాడు. ఒడ్డున నిలబడి, కొడుకు బస్సు దిగడం చూశాడు, ఎక్కడం చూశాడు. కొడుకు తనని దాచుకుంటున్నాడని అర్థం చేసుకుని, తనే దాక్కున్నాడు. ఆ తర్వాత అయిదేళ్ళు బతికి ఒక్కసారి కూడా అడగలేదు.

"యాడీ," అన్నాడు. "బాపు నీకు చెప్పిండా?"

"చెప్పిండు." రూప్లి ఫీల్డుబుక్కులోని వేలిముద్ర మీద తన బొటనవేలు పెట్టి చూస్తోంది. "ఆ దినం పొద్దుగూకే యాళ్ళకు వచ్చిండు. తలపాగా తీసి పక్కకు పెట్టిండు. చిన్నోన్ని చూసిన, బాగనే ఉన్నడు అన్నడు. మరి తీసుకరాలేదేంది అన్న. పని మీదున్నడు, పిలువలే అన్నడు. అన్నం పెడితె తినలే. ఎందుకు తినలేదో నాకు ఇయ్యాల తెలిసింది."

దూరంగా, వాగు మలుపు దగ్గర బస్సు హారను మోగింది. అక్కడ తిరిగి తండా దగ్గరికి రావడానికి అయిదు నిమిషాలు పడుతుంది.

రామ్‌సింగ్ చెప్పులు తొడుక్కున్నాడు. ఇద్రీస్ లేచి నిలబడ్డాడు. కిషన్‌లాల్ చెయ్యి చాచి, "బుక్కు ఇటియ్యి యాడీ, నేను పట్టుకుంట," అన్నాడు.

రూప్లి ఇవ్వలేదు. ఇచ్చేస్తుందేమోనని రామ్‌సింగ్ ఒక అడుగు ముందుకి కూడా వేశాడు. ఆ పేజీ ఉంటే తండా ఉంటుంది, ఆ పేజీ ఉంటే తన కొలువు పోతుంది, ఆ సంగతి గదిలో అందరికంటే బాగా తెలిసినవాడు చెయ్యి చాచాడు. ఆ చెయ్యి ఎందుకు చాచాడో ఆ క్షణాన కిషన్‌లాల్‌కే తెలియదు.

ఆమె నోటుబుక్కుని ఓణీ కొంగులో చుట్టి, రొమ్ముకి ఆనించుకుని ముడి వేసుకుంది. మోచేతుల దాకా ఉన్న గాజులు గలగలమన్నాయి. కొడుకు ముందు వచ్చి నిలబడింది. కోపం లేదు ఆ మొహంలో. ఉంటే బాగుండుననిపించింది రుక్మిణికి.

"సాక్ష్యం చెప్పేది నేనే గద బిడ్డా. గీ ఎర్రగీత ఎవరు కొట్టిన్రు, వాడు నీకు తెలుసా అని సారు అడుగుతడు. ఏం చెప్పమంటవ్?"

రూప్లి కొంగు ముడి మీద చెయ్యి పెట్టుకుంది.

"మీ బాపు చెప్పినట్టె చెప్పన్నా? తెల్వదు, ఎవరి బిడ్డో అని?"